గడియ ఏ వైపున ఉంది

ఆ రోజు పొద్దున్న ఆకాశం మా అన్నయ్యలాగే ఉంది. ఏదో చెప్పాలని వచ్చి, చెప్పలేక, అలాగే నిలబడిపోయింది. మబ్బు షెడ్డు మీదకి వంగింది గాని చినుకు లేదు. గాలి కూడా లేదు. రంపపు పొట్టు ఎక్కడిదక్కడే పడి ఉంది.

షెడ్డుకి అప్పటికే కప్పు తీసేశారు. వెనక గోడ రెండేళ్ళుగా ఒరుగుతూ వచ్చింది. మేమిద్దరం వడ్రంగులం కాబట్టి ఒరిగినప్పుడల్లా ఒక దుంగ ఆనించాం. చివరికి గోడ కంటే దుంగలు ఎక్కువయ్యాయి. అప్పుడు మేస్త్రిని పిలిచాం. ఆయన వచ్చి గోడ చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది మీ మొహమాటానికి నిలబడిందండీ, లేకపోతే ఎప్పుడో పడేది" అన్నాడు.

మేస్త్రికి ఆ రోజు ఒక్క సంగతి తేల్చి చెప్పాలి. కొత్త షెడ్డుకి మూడు వైపులా పక్కవాళ్ళ గోడలే. కిటికీ ఒక్కటే వస్తుంది, వీధి వైపు. దాని కింద పని బల్ల ఒక్కటే పడుతుంది. రెండో బల్ల వెనక్కి, కలప పేర్చే మూలకి పోవాలి. నా బల్ల అన్నయ్య బల్ల కంటే నాలుగు వేళ్ళు ఎత్తు. కిటికీ కింద ఎవరి బల్ల వేస్తారో చెబితే దాన్ని బట్టి గోడ ఎంత ఎత్తులో ఆపాలో చూసుకుంటానన్నాడు మేస్త్రి.

"మధ్యాహ్నం లోపు చెప్పండి. వాన వచ్చేలా ఉంది."

ఇందులో తేల్చడానికి ఏముంది? కిటికీ నాది. నాన్న పోయిన దగ్గర్నుంచీ, ముప్ఫై ఏళ్ళుగా నాదే. అన్నయ్య వెనక మూలలో పగలు కూడా బల్బు వేసుకుని పనిచేస్తాడు. ఎవరూ అతన్ని అక్కడికి తోయలేదు. తనే వెళ్ళాడు.

కాని ఆ పొద్దున్న అన్నయ్య నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఉన్న చెక్కముక్క అంచుని గోటితో గీకుతున్నాడు. అంటే ఏదో అడగబోతున్నాడని అర్థం. అరవై ఏళ్ళలో నన్ను అతను అడిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వేళ్ళు మిగులుతాయి కూడా.

"ఒరేయ్, ఈసారి కిటికీ కింద నా బల్ల వేసుకోనా?"

నేను ఉలి అంచు బొటనవేలితో చూసుకున్నాను.

"కళ్ళు ఆనట్లేదురా. గీత ఎక్కడ గీశానో నాకే కనబడట్లేదు. నిన్న ఆ గడప చెక్క గీతకి ఇవతలే కోసేశాను. ఇలాగైతే ఇంకో ఏడాదికి రంపం పక్కన పెట్టెయ్యాలి."

నిజమే. ఆ పాడైన చెక్క నేనూ చూశాను. అయినా అన్నాను:

"నన్ను కొట్లో పెట్టి గడియ వేసిన రోజు నేనూ వెలుతురు అడిగే ఉంటానన్నయ్యా."

అన్నయ్య చెక్కముక్క కింద పడేశాడు. "సర్లే. నీ ఇష్టం" అని వెళ్ళి మేస్త్రికి ఇటుకలు అందించసాగాడు.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఒక్క మాట చాలినప్పుడు రెండోది ఎందుకు?

ఆ కొట్టు సంగతి చెప్పాలి. నాకు మూడేళ్ళు, అన్నయ్యకి ఐదు. షెడ్డు పక్కన నాన్న కలప దాచే చిన్న కొట్టు ఉండేది. ఒక మధ్యాహ్నం మా ఇద్దరిలో ఒకడు రెండోవాణ్ణి అందులో పెట్టి గడియ వేశాడు. ఏడుపు విని నాన్న వచ్చి తలుపు తీశాడు. మా నాన్న పక్కన నేను వాగుడుకాయని. ఆయన అమ్మతో, "ఒకడు ఇంకొకణ్ణి కొట్లో పెట్టాడు" అని మాత్రం చెప్పి, పనికి పోయాడు. ఎవడు ఎవణ్ణి అన్నది ఆయనకి అంత ముఖ్యంగా తోచలేదు. అమ్మ ఆలోచించింది. చిన్నాడికి గడియ అందదు, కాబట్టి పెద్దాడే పెట్టి ఉంటాడని తేల్చింది. అన్నయ్య అప్పటికి వెక్కిళ్ళతో మాట్లాడలేని స్థితిలో ఉన్నాడు. వెక్కిళ్ళు తగ్గేసరికి తీర్పు అయిపోయింది. వాడికి రెండు దెబ్బలు, నాకు బెల్లం ముక్క.

చిన్నప్పుడే ఒక అన్యాయం జరిగి ఉండడం మనిషికి గొప్ప వసతి. మొదటి కంచం నాకు వచ్చేది. కొత్త పలక నాకు. సైకిలు ముందు నేనెక్కాను. ఇద్దరిలో ఒకడు బడి మానేసి షెడ్డులో దిగాల్సి వచ్చినప్పుడు అన్నయ్య దిగాడు. నేను ఊరి బడి చివరి తరగతి దాకా చదివి, ఆ తరవాత అదే షెడ్డులో దిగాను. చదువుకున్న వడ్రంగినని అందరూ అంటారు. ఎప్పుడైనా అన్నయ్య వెనకాడితే 'కొట్టు' అనేవాణ్ణి. ఆ రెండక్షరాలూ చాలు.

తమాషా ఏమిటంటే, ఆ కొట్టు భయం పట్టుకున్నది నాకు కాదు, అన్నయ్యకి. మూసిన గదిలో ఉండలేడు. ఇంట్లో ప్రతి తలుపు దగ్గరా చెక్క చీలిక ఒకటి చేసి పెట్టాడు, గాలికి మూసుకోకుండా. స్నానాల గదికి కూడా. తలుపు వెయ్యడు కాబట్టి లోపల ఉన్నంతసేపూ పాడతాడు. ఆ పాట వినబడితే వీధిలోవాళ్ళు కూడా తల అటు తిప్పుకుని పోతారు. చేసిన పాపం అలా పట్టుకుని పీడిస్తుందని అమ్మ అనేది. నేనూ నమ్మాను. పొద్దున్నే వంటింట్లోంచి వస్తూ అక్కడి తలుపు చీలికని కాలితో మూలకి తన్నడం నాకు అలవాటు. ఆ రోజూ తన్నాను.

నేను మాత్రం తలుపులూ కిటికీలూ బిగించుకుని ముసుగుతన్ని నిద్రపోతాను. అంత జరిగినా ఇంత హాయిగా నిద్రపడుతున్నందుకు నా గుండె ధైర్యాన్ని నేనే మెచ్చుకునేవాణ్ణి. పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్యా వదినా ఉన్నంత కాలం ఆ అవసరం కనబడలేదు.

ఇలాంటి ఇంటికి మా చెల్లెలి కూతురు నోట్‌బుక్కుతో వచ్చింది. కాలేజీలో మనసుల గురించి చదువుతోంది. మనుషుల మొట్టమొదటి జ్ఞాపకం ఏమిటి, అన్నీ పోయి అదొక్కటే ఎందుకు మిగిలింది అని ఊరంతా అడిగి రాసుకుంటోంది. మా వదినని అడిగితే, "నాకు ఆకలేస్తోంది. మా అమ్మ పక్కింటి గుమ్మంలో కబుర్లు చెబుతోంది. ఇప్పటికీ చెబుతూనే ఉన్నట్టుంది" అంది. మేస్త్రిని అడిగితే, వాళ్ళ నాన్న తనని తడి సిమెంటు మీద కూర్చోబెట్టాడనీ, లేచేసరికి నిక్కరు గట్టిపడిపోయిందనీ, అప్పుడే తన వృత్తి ఖాయమైందనీ చెప్పాడు.

అన్నయ్య ఇటుకల దగ్గరికి వెళ్ళగానే పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"చిన్న మావయ్యా, నీది చెప్పు."

"తెలిసిందేగా. కొట్టు."

"అందరికీ తెలిసింది కాదు. నీ కళ్ళకి ఏం కనబడిందో అది."

నాకు బాగా కనబడుతుంది. అరిగిపోని బొమ్మ అది. చెప్పాను. నా ముక్కుకి ఎదురుగా ఆకుపచ్చ రంగు వేసిన చెక్క బిళ్ళ, దాని మధ్యలో మేకు. రెండు చేతులతో తిప్పుతున్నాను, తిరగట్లేదు. వేళ్ళు నొప్పి పుడుతున్నాయి. వీపు చురచుర కాలుతోంది. ఏడుపు వినిపిస్తోంది. బిళ్ళ పక్కన చెక్కలోంచి తెల్లటి పురుగు ఒకటి బయటికొచ్చి ఆడింది. కింద పడి ఉన్న చెక్కముక్క తీసుకుని దాన్ని కొట్టాను. లోపలికి పోయింది.

"మూడేళ్ళప్పుడు! ఆ చీకట్లో!" అన్నాను, కొంచెం గర్వంగానే.

పిల్ల రాసుకుంది. పెన్ను నోట్లో పెట్టుకుంది.

"చీకట్లో ఆకుపచ్చ ఎలా తెలిసింది మావయ్యా?"

"కంతల్లోంచి వెలుతురు పడి ఉంటుంది."

"వీపు ఎందుకు కాలింది?"

"ఎండకి."

"కొట్లో ఎండా?"

"నీకు జ్ఞాపకం కావాలా, సాక్ష్యం కావాలా?"

"కోప్పడకు. భయపడ్డది ఎక్కువ కాలం మిగులుతుందట. పదిమందికీ చెప్పుకున్నది కూడా మిగులుతుందట. కాకపోతే చెప్పినప్పుడల్లా కొంచెం మారుతుందట."

"నాది మారలేదు. పో, మీ పెద్ద మావయ్యని అడుగు. వాడు నన్ను లోపల పెట్టి ఎలా గడియ వేశాడో చెబుతాడు."

పిల్ల వెళ్ళింది. నేను వినడం లేదన్నట్టు ఉలి నూరుతూ విన్నాను. అన్నయ్య మొదట నవ్వి దాటెయ్యబోయాడు. తరవాత మెల్లగా చెప్పాడు.

"నాకూ మొదట గుర్తున్నది ఆ కొట్టేనమ్మా. చీకటి. నోట్లోకి పొట్టు పోవడం. ఊపిరాడక, వేలు ఎందులోనో దూర్చాను. వేలికి చల్లగా గాలి తగిలింది. అంతలో ఏదో కుట్టింది."

"నువ్వు బయట కదా ఉన్నావు?"

"అవునమ్మా, బయటే. లోపల వాడు. పాపం వాడెంత అవస్థ పడ్డాడో అని తలుచుకుని తలుచుకుని, నాకే జరిగినట్టు అనిపిస్తుంటుంది. కలలో కూడా నేనే లోపల ఉంటాను. చేసినదానికి అలాగే అవుతుందేమో. ఇది రాయకు."

ఆ పిల్ల రాసింది. పెన్ను చప్పుడు నాకు వినబడింది.

ఆ మనిషి మీద నాకు జాలేసింది. నా బాధ కూడా తనే పడుతున్నాడు, ఎంత మంచివాడు అనుకున్నాను. కిటికీ ఇద్దామని మాత్రం అనుకోలేదు.

పదకొండు గంటలప్పుడు మేస్త్రి వెనక గోడ దగ్గర కలప తీయిస్తూ, అడుగున ఉన్న పాత తలుపు ఒకటి లాగి, తెచ్చి నా బల్లకి ఆనించాడు.

"ఇది పొయ్యిలోకా చిన్నాయనా, ఉంచాలా?"

తల తిప్పి చూశాను. కొట్టు తలుపు. కొట్టు పడగొట్టాక నాన్న దాన్ని కలప కింద చెద పట్టకుండా పరిచాడు. మళ్ళీ ఎవరూ దాన్ని చూడలేదు.

నిలువు పలకల తలుపు. ఇలాంటి తలుపుకి ఒక వైపు నున్నగా ఉంటుంది, రెండో వైపు పలకల్ని పట్టి ఉంచే అడ్డపట్టీలు ఉంటాయి. నున్నటి ముఖం బయటికి, పట్టీలు లోపలికి. నేను నలభై ఏళ్ళుగా తలుపులు చేస్తున్నాను. కళ్ళకి గంతలు కట్టినా తడిమి చెబుతాను, ఇది లోపల, ఇది బయట అని.

నున్నటి ముఖం నా వైపు ఉంది. పైన గొళ్ళెం ఊడిన గుర్తు. కింద, తొడ ఎత్తులో, సగం విరిగిన చెక్క బిళ్ళ. పగుళ్ళలో ఆకుపచ్చ రంగు. మధ్యలో తుప్పు పట్టిన మేకు.

పచ్చి కలపతో చేసినట్టున్నాడు నాన్న. ఎండాక కింది మూల బయటికి తన్ని ఉంటుంది. దాన్ని అణిచి పట్టడానికి కింద ఈ తిప్పుడు బిళ్ళని రెండో గడియగా కొట్టాడు. అమ్మకి పైనున్న గొళ్ళెమే గుర్తు. చిన్నాడికి అందదన్నది ఆ గొళ్ళెమే. ఈ బిళ్ళ చిన్నాడి ముక్కుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది.

గొంతుక్కూర్చున్నాను. బిళ్ళ తిప్పి చూశాను. ఇప్పుడూ తిరగలేదు.

లేచి వెనక్కి వెళ్ళి చూశాను. అడ్డపట్టీలు, సాలెగూడు. అంతే. లోపల ఉన్నవాడికి ఆకుపచ్చ బిళ్ళ కనబడే దారి ఏదీ లేదు. వీపు మీద ఎండ పడే దారి అంతకంటే లేదు.

ఎన్ని వందల తలుపులు చేశాను! ప్రతిదానికీ ముందు అడిగే ప్రశ్న ఒకటే, గడియ ఏ వైపున అని. నా తలలో ఉన్న ఒక్క తలుపుకి ఆ ప్రశ్న వెయ్యడం మరిచిపోయాను. చదువుకున్న వడ్రంగిని కదా.

ఆ తరవాత నేను చేసిన పని కూడా చెప్పాలి. జ్ఞాపకం నాది. తలుపు నా చేతిలో ఉంది. రంపం కూడా ఉంది. పది నిమిషాల పని. ముక్కలు పొయ్యిలోకి, పొగ పైకి. కిటికీ నాది నాకే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు వెనక మూలలో ఉన్నవాడు ఇంకో పదేళ్ళు ఉండలేడా?

తలుపుని అడ్డంగా అంచు మీద నిలబెట్టి, బిళ్ళ ఉన్న చోటికి ఇవతల రంపం ఆనించాను. ఒకటి లాగేసరికి తలుపు ఊగింది. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

"ఆగరా, పట్టుకుంటాను" అంటూ అన్నయ్య వచ్చాడు.

మా పని పద్ధతే అంత. ఒకడు కోస్తుంటే రెండోవాడు పిలవకుండానే వచ్చి అవతల పట్టుకుంటాడు. ఎందుకు కోస్తున్నావని అడగడు. అన్నయ్య తలుపు అవతల, పట్టీల వైపు నిలబడి రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు.

"ఏ తలుపురా ఇది?"

"పాతది."

రెండోసారి రంపం లాగాను. అవతల అన్నయ్య ఊపిరి మారింది. చెయ్యి చెక్క మీద తడుముతున్న చప్పుడు.

"ఇక్కడ కంత ఒకటి ఉండాలే..." అన్నాడు, తనలో తనే.

విరిగిన బిళ్ళ పక్కన, చెక్కలో ముడి ఊడిపోయిన చోట గట్టిపడిన మట్టి ఉంది. అది చిట్లి రాలింది. వెనకాలే అన్నయ్య చూపుడు వేలు బయటికొచ్చి ఆడింది.

పురుగు.

రంపం ఆగిపోయింది. వేలు ఇంకా ఆడుతోంది. గోరు అరిగి, చర్మం మొద్దుబారి, ముసలి వేలు. ఆ రోజు ఎంత చిన్నదిగా ఉండి ఉంటుందో! నేను దాన్ని చెక్కతో కొట్టాను. యాభై ఏడేళ్ళు ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను.

"చూశావా, ఉంది. నాకెలా తెలుసురా?" అన్నాడు అన్నయ్య అవతల నుంచి. గొంతులో వింత తప్ప ఇంకేమీ లేదు.

చెప్పకుండా ఉండొచ్చు. నాకు అది బాగా అలవాటైన పనే.

"లోపల ఉన్నది నువ్వే అన్నయ్యా" అన్నాను.

"ఎక్కడ?"

"కొట్లో. బిళ్ళ తిప్పింది నేను. మళ్ళీ తిప్పబోతే రాలేదు."

అన్నయ్య వేలు వెనక్కి తీసుకున్నాడు. చుట్టూ తిరిగి నా వైపు వచ్చాడు. వంగి, కళ్ళు చికిలించి బిళ్ళ చూశాడు. దాని ఎత్తు జానతో కొలిచాడు. మళ్ళీ అవతలికి వెళ్ళి పట్టీలు చూశాడు. తనూ వడ్రంగే. ఇంకేమీ చెప్పే పని పడలేదు.

వచ్చి దుంగ మీద కూర్చున్నాడు.

"అయితే నేనేం చేశాను?"

"ఏం చెయ్యలేదు."

"ఏమీ?"

"ఏమీ చెయ్యలేదన్నయ్యా."

లేచి నాలుగు తగిలిస్తాడనుకున్నాను. తగిలిస్తే బాగుండేది. అతను మోకాళ్ళ మీది పొట్టు దులుపుకున్నాడు. ఆ పొట్టు ఎంత దులిపినా పోదు, ఇద్దరికీ తెలుసు.

"అమ్మ రెండు తగిలించింది" అన్నాడు.

"అవును."

"నీకు బెల్లం పెట్టింది."

"అవును."

కాలి దగ్గరి పొట్టుని పక్కకి తోశాడు.

"ఎంత ముక్క?"

బొటనవేలు చూపించాను. సగానికి ఇంకో వేలు అడ్డం పెట్టి, "ఇంత" అన్నాను. అన్నయ్య ఆ కొలత వైపు చాలాసేపు చూశాడు. చెక్క మీద గీత కనబడని కళ్ళకి అది బాగానే కనబడింది.

మేస్త్రి తాపీ తట్టుతూ వచ్చాడు. "ఇంతకీ ఎవరి బల్ల ఎత్తుకి కట్టమంటారండీ?"

"పెద్దాయన బల్ల ఎత్తుకి" అన్నాను.

"అది మీ దానికంటే నాలుగు వేళ్ళు తక్కువండి. రేపు మీరు ఆ బల్లకి మారతానంటే నడుం పట్టేస్తుంది."

"నేను మారను. తక్కువకే కట్టు."

అన్నయ్య సంతోషించినట్టు కనబడలేదు. చేసిన పాపం ఒక్కటీ లేదని అరవై దాటాక తెలిస్తే సంతోషించాలో ఏం చెయ్యాలో ఎవరికి తెలుసు? దుంగ మీద కూర్చుని, ఆ చూపుడు వేలు రెండో చేత్తో పట్టుకుని ఉన్నాడు.

పిల్ల ఎప్పుడు వచ్చిందో, పక్కనే నిలబడి ఉంది. నోట్‌బుక్కు తెరిచి పాత పుటలు రెండు వెతికింది. ఒక పుటలో పురుగు, ఇంకో పుటలో వేలికి కుట్టింది. పైకీ కిందికీ చూసింది. ఏదో అడగబోయి, అన్నయ్య మొహం చూసి, పెన్నుకి మూత పెట్టింది. కాలేజీలో మంచి చదువే చెబుతున్నారు.

"అన్నాలకి రండి! ఎన్నిసార్లు పిలవాలి?" వదిన పిలిచింది ఒక్కసారే, అది ఆమె లెక్క.

చేతులు కడుక్కుని వంటింట్లో కూర్చున్నాం. వదిన అలవాటు ప్రకారం మొదటి కంచం నా ముందు పెట్టింది. నేను దాన్ని అన్నయ్య ముందుకి జరిపాను. వదిన నా వైపు చూసింది, అన్నయ్య వైపు చూసింది.

"ఏమైంది ఇవాళ? మేస్త్రితో గొడవపడ్డారా?"

అన్నయ్య కంచం దగ్గరికి లాక్కున్నాడు. ఆమె మా కంచాల్లో కూర వేసి, తనూ కూర్చుంది.

అన్నయ్య కలుపుకుని తింటున్నాడు, కంచంలోంచి తల ఎత్తకుండా. చూపుడు వేలు ఎందుకో కొంచెం దూరంగా పెట్టుకుని, మిగతా వేళ్ళతో తింటున్నాడు.

అప్పుడు వచ్చింది గాలి. బయట కప్పు లేని షెడ్డు మీద మొదటి చినుకులు పడ్డాయి. వంటింటి తలుపు కిర్రుమని సగం దాకా మూసుకుంది. అన్నయ్య చెయ్యి కంచం మీదే ఆగిపోయింది.

చీలిక పొద్దున్న నేను తన్నిన మూలలోనే ఉంది. ఎంగిలి చెయ్యి పైకి పట్టుకుని లేచాను. తలుపు పూర్తిగా తెరిచి, ఎడమ చేత్తో చీలిక తీసుకుని, దాని కింద దూర్చాను. అన్నయ్య దాన్ని ఎంత బాగా చెక్కాడో అప్పుడే చూశాను. ఎక్కడా వదులు లేదు. తలుపు కదల్లేదు.

వచ్చి నా చోట కూర్చున్నాను. జల్లు గుమ్మం లోపలికి కొడుతోంది. నేల తడుస్తోంది. తలుపు వెయ్యమని వదిన అనలేదు. పిల్ల మంచినీళ్ళ గ్లాసు అన్నయ్య వైపు జరిపింది. అన్నయ్య ఇంకో ముద్ద కలుపుకున్నాడు. నేనూ కలుపుకున్నాను.

తిన్నాం.